కల్లారు దాటాక చలి

కోయంబత్తూరు నుంచి ఊటీ వైపు బండి మీద బయల్దేరినవాళ్లకు మొదటి గంటసేపు చలి ఊసే రాదు. డిసెంబరు తెల్లవారుజామున కూడా అక్కడి గాలి 18, 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తుడియలూరు, నరసింహనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం, కారమడై, మెట్టుపాళయం వరుసగా వెనక్కి పోతాయి. ఇంటి దగ్గర తొడుక్కున్న పల్చటి జర్కిన్ అప్పటికి ఎక్కువగానే అనిపిస్తుంది. మెట్టుపాళయం దాటి కల్లారు దగ్గర మొదటి వంపు తిరిగాక లెక్క మారిపోతుంది.

ఆ ఊళ్ల పేర్లలో నాయకులు ఊరికే లేరు. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురైలో నాయకుల పాలన మొదలైంది. విజయనగరం రోజుల నుంచీ, ఆ తర్వాత నాయకుల నీడలోనూ తెలుగు సేద్యగాళ్లు, సైనికులు, నేతగాళ్లు దక్షిణానికి తరలివచ్చి కొంగునాడు నల్లరేగడిలో, మదురై చుట్టుపక్కల పాళయాల్లో స్థిరపడ్డారు. ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం. ఐదు శతాబ్దాల కిందట వచ్చినవాళ్ల మనవలు ఇవాళ మిల్లులు, పంపుల ఫ్యాక్టరీలు, మెకానిక్ షెడ్లు నడుపుతున్నారు. కొండ మీద ఉద్యోగాలూ చేస్తున్నారు. వాళ్ల ఊళ్లు ఎండ నేల మీద ఉన్నాయి. వాళ్ల తలుపు తీస్తే కనిపించే కొండల మీద మాత్రం జనవరిలో గడ్డి గడ్డకడుతుంది.

మోటారు సైకిలంటే ఈ ప్రాంతం తెలుగువాళ్లకు ఉన్న మమకారానికి ఒక మూలపురుషుడున్నాడు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిల్‌ని చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని కొనడానికి కోయంబత్తూరులో హోటలు సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టాడు. కొన్నాక ఎక్కి తిరగడంతో ఆగలేదు. విప్పి, ప్రతి ముక్కా చూసి, మళ్లీ బిగించాడు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య బస్సు వేసి తనే తోలాడు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. ఇవాళ దేశంలో లక్షల బండ్ల హ్యాండిల్ మధ్యన వేగం చూపించే మీటర్లు తయారుచేసే ప్రైకాల్ కంపెనీది కూడా కోయంబత్తూరే, ఫ్యాక్టరీ ఉన్నది ఈ ఊటీ దారిలోని పెరియనాయకన్‌పాళయంలోనే.

ఇక ఎత్తు లెక్క. మెట్టుపాళయం సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. కూనూరు సుమారు 1,850 మీటర్లు, ఊటీ 2,240. అంటే యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బండి దాదాపు 1,900 మీటర్లు పైకెక్కుతుంది. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి కింద 19 ఉంటే పైన ఆరేడు ఉండాలి. నిర్మలమైన జనవరి రాత్రి తర్వాత అంతకంటే తక్కువే ఉంటుంది. హైదరాబాదువాడికి ఆరు డిగ్రీల చలి అంటే వారం ముందు నుంచి పత్రికలు హెచ్చరిస్తాయి, ఇంట్లో స్వెటర్లు బయటికొస్తాయి. కోయంబత్తూరువాడికి అదే చలి రెండు గంటల్లో, ఏ హెచ్చరికా లేకుండా, బండి మీద ఉండగానే ఎదురవుతుంది. ఈ ప్రయాణంలో ఉన్న అసలు చిక్కు ఇదే. బయల్దేరేటప్పుడు ఒంటికి తెలిసే వేడి, చేరబోయే చోటు గురించి ఏమీ చెప్పదు.

ఎవరు వెళ్తారు ఇలా? సెలవు దొరికినప్పుడు సరదాగా ఎక్కే కుర్రకారు సంగతి వేరు. రోజువారీ వెళ్లేవాళ్లున్నారు. అరువంకాడులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ ఇప్పటికీ షిఫ్టుల మీద నడుస్తోంది. పక్కనే వెల్లింగ్టన్‌లో సైనిక కేంద్రాలున్నాయి. కూనూరు, ఊటీల్లో బ్యాంకులు, ఆసుపత్రులు, బళ్లు, తేయాకు ఫ్యాక్టరీలున్నాయి. కొండ మీద పండిన బంగాళదుంప, క్యారట్, వెల్లుల్లి దిగేది మెట్టుపాళయం మండీలకు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటారు. పేరుపొందిన నీలగిరి రైలు వీళ్ల కష్టం తీర్చదు. పొద్దున ఏడు దాటాక మెట్టుపాళయంలో కదిలి, పళ్లపట్టాల మీద మెల్లగా ఎక్కుతూ ఊటీ చేరేసరికి మధ్యాహ్నం కావస్తుంది. 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి వేసిన ఆ దారి చూడచక్కనిది, ఆఫీసుకు పోయేవాడికి పనికిరానిది. మిగిలింది బస్సు, లేదా బండి.

నీలగిరుల్లో ఆకాశం నుంచి హిమం రాలదు. కాశ్మీరులో లాగా రోడ్డు మీద అడుగు మందాన పేరుకోదు. ఇక్కడ మంచు నేల మీదే పుడుతుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గి ఆకాశం శుభ్రపడిన రాత్రుల్లో, నేల తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత వెనక్కి పంపేది. గాలి వీస్తే పై పొరల వెచ్చదనం కిందికి కలిసేది. రెండూ లేని రాత్రి నేల, గడ్డి, ఆకు తమ చుట్టూ ఉన్న గాలి కంటే బాగా చల్లబడిపోతాయి. వాతావరణ కేంద్రం ఉష్ణోగ్రతను మనిషి నడుము ఎత్తు దాటిన చోట కొలుస్తుంది. అక్కడ మూడు డిగ్రీలు చూపిస్తున్నప్పుడే కింద గడ్డి మీద సున్నా దాటి దిగిపోయి ఉండొచ్చు. గాలిలోని తేమ ఆ గడ్డిని తాకి తెల్లటి పలుకులుగా గడ్డకడుతుంది.

చల్లబడిన గాలి బరువెక్కి, పై మడిలోంచి కింది మడికి నీళ్లు పారినట్టు, వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే ఊటీలో ఎత్తైన వీధుల కంటే రేసుకోర్సు మైదానం, తలైకుంద, అవలాంచి వైపు పచ్చికలు, వాగుల ఒడ్లు ముందుగా తెల్లబడతాయి. కొత్తగా వచ్చినవాడు ఎత్తుకు పోయేకొద్దీ చలి అనుకుంటాడు. రోజూ తిరిగేవాడు పల్లంలో దిగే ముందు భుజాలు బిగించుకుంటాడు. తేయాకు తోటలకు కూడా ఈ పల్లాలే శత్రువులు. తెల్లవారాక ఎండ తగిలితే గడ్డకట్టిన చిగురు మాడిపోతుంది. ఆ లోగానే నీళ్లు చల్లి కాపాడుకునే ప్రయత్నం చేస్తారు.

ఆరుబయట నిలిపిన బండి సీటు కూడా ఇదే సూత్రానికి బలి. లోపల స్పాంజి ఉండటం వల్ల కింది నుంచి వేడి అందక, పైకి వదిలేస్తూ పోయి సీటు పైపొర మీద తెల్లగా మంచు పేరుతుంది. పెట్రోలు ట్యాంకు, అద్దాలు, కారు ముందు గాజు కూడా అంతే. దీనికి విరుగుడు చాలా చవక. రేకుల షెడ్డు కానీ, చెట్టు గుబురు కానీ, చివరికి ఒక పాత బొంత కానీ పైన ఉంటే బండికీ ఆకాశానికీ మధ్య అడ్డు ఏర్పడుతుంది. గోడలు లేకపోయినా ఫరవాలేదు, కప్పు ఉంటే చాలు.

ఇక చలి మనిషి మీద చేసే పని. నిలబడ్డ మనిషి ఒంటి చుట్టూ వెచ్చటి గాలి పొర ఒకటి సన్నగా అంటుకుని ఉంటుంది. బండి వేగం ఆ పొరను క్షణక్షణం ఊడ్చేస్తుంది. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే లెక్క ప్రకారం ఐదు డిగ్రీల గాలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే బయట ఉన్న చర్మానికి అది −1 డిగ్రీ చలిలాగా తగులుతుంది. సున్నా డిగ్రీల గాలిలో 60 కిలోమీటర్ల వేగమైతే −9కి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి సరిగ్గా పట్టుకోవాలి. గాలి ఎంత గట్టిగా కొట్టినా, పొడి చర్మం ఆ గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబడదు. పెరిగేది వేడి పోయే వేగం మాత్రమే. తడి చర్మానికీ, తడి బట్టకూ ఈ రక్షణ కూడా లేదు. నీరు ఆవిరవుతూ ఇంకొంత వేడిని లాక్కుపోతుంది.

అందుకే జనవరిలో గడ్డి తెల్లబడ్డ పొడి ఉదయం కంటే నవంబరు వాన బండివాడికి ప్రమాదకరం. పేరిన మంచు ఫొటోల్లో అందంగా పడుతుంది కాబట్టి దాని గురించే అందరూ మాట్లాడతారు. పన్నెండు డిగ్రీల గాలిలో తడిసిన చొక్కాతో గంటసేపు ఘాట్ ఎక్కినవాడి ఒళ్లు మాత్రం అంతకంటే ఎక్కువ నష్టపోతుంది. పైగా నీలగిరుల్లో కొండచరియలు విరిగిపడేది ఎక్కువగా ఆ వానల్లోనే. 2009 నవంబరులో కేత్తి చుట్టుపక్కల కురిసిన కుంభవృష్టికి నేల జారి 40 మందికి పైగా చనిపోయారు, రోడ్లు తెగిపోయాయి. చలికాలం ప్రయాణానికి ఒకే ఒక్క వస్తువు కొనగలిగినవాడు మందపాటి స్వెటర్ కంటే ముందు నీరు దూరని మంచి రెయిన్ కోటు కొనుక్కోవాలి. అది వానను ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. లోపల ఇంట్లో ఉన్న పాత స్వెటర్ చాలు. ఊలు స్వెటర్ ఒక్కదాన్నే పైన వేసుకుంటే గాలి దాని కన్నాల్లోంచి నేరుగా దూసుకుపోతుంది. చొక్కాకూ స్వెటర్‌కూ మధ్య దినపత్రిక మడత పెట్టుకునే అలవాటు ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. కాగితానికి వెచ్చదనం ఇచ్చే గుణం తక్కువే, గాలిని ఆపే గుణం మాత్రం గట్టిది.

బండివాడికి అన్నిటికంటే ముందు పోయేవి వేళ్లు. ఒంటి లోపలి వేడి తగ్గుతోందని మెదడుకు తెలిసిన వెంటనే అది చేతుల, కాళ్ల రక్తనాళాలను సన్నం చేసి, గుండెకూ ఊపిరితిత్తులకూ రక్తాన్ని మిగుల్చుకుంటుంది. బతకడానికి అది మంచి ఏర్పాటే. క్లచ్, బ్రేకు రెండూ ఆ వేళ్ల కిందే ఉన్నాయన్నది మెదడు లెక్కలో లేదు. చర్మం సుమారు 15 డిగ్రీలకు దిగేసరికి వేళ్ల నేర్పు తగ్గుతుంది. 8 డిగ్రీల దగ్గర పట్టుకున్నది తెలియడం మానేస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేకు పట్టడానికి అర సెకను ఆలస్యం చేస్తే ఐదున్నర మీటర్లు గడిచిపోతాయి. హెయిర్‌పిన్ వంపులో ఐదున్నర మీటర్లంటే రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు.

దీనిలోంచి వచ్చే సలహా కొంచెం వింతగా ఉంటుంది. చేతులు వెచ్చగా ఉండాలంటే ముందు మెడ, ఛాతీ కప్పుకోవాలి. నడిమి ఒళ్లు వెచ్చగా ఉన్నంతసేపు మెదడు చేతులకు రక్తం ఆపదు. ఖరీదైన గ్లౌజులు వేసుకుని మెడ వదిలేసినవాడి కంటే, మామూలు గ్లౌజులు వేసుకుని మఫ్లర్ బిగించి చుట్టుకున్నవాడి వేళ్లు ఎక్కువసేపు ఆడతాయి. గ్లౌజులు బిగుతుగా ఉంటే రక్తప్రసరణకు అవే అడ్డం. లోపల ఒక పల్చటి జత, పైన గాలి దూరని ఇంకో జత వేసుకుంటే మధ్యలో చిక్కిన గాలి కాపాడుతుంది. ఉత్తరాదిన, చైనాలో స్కూటర్ల హ్యాండిల్‌కు రెండు వైపులా తొడిగే దళసరి తొడుగులు కనిపిస్తాయి. చెయ్యి అందులో దూర్చి బండి నడుపుతారు. చూడ్డానికి మొరటుగా ఉన్నా ఏ గ్లౌజు కంటే అవి మెరుగు, ఎందుకంటే గాలి చేతి దాకా రానేరాదు.

చలికి విరుగుడని మందు పుచ్చుకోవడం మాత్రం ప్రాణాంతకం. మద్యం చర్మం దగ్గరి నాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి ఒంట్లోని వేడి బయటికి కారిపోతూ ఉంటుంది. మాట తడబడటం, వణుకు ఆగకపోవడం, చిన్న నిర్ణయాలకు కూడా తడుముకోవడం ఒళ్లు లోపలిదాకా చల్లబడుతోందనడానికి గుర్తులు. అలాంటివాడు వెనక సీట్లో ఉన్నా, ముందు ఉన్నా బండి ఆపాల్సిందే. వెనక కూర్చున్నవాళ్ల సంగతి తరచూ మరిచిపోతారు. నడిపేవాడి ఒళ్లు కాస్తయినా కదులుతూ ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్లకు ఆ కదలిక కూడా ఉండదు. ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్న పసిపిల్లలకైతే గాలి మొత్తం మొహానికే తగులుతుంది. చలికాలం ఘాట్ రోడ్డు మీద పసిపిల్లల్ని అలా తీసుకెళ్లకూడదు, బస్సు ఎక్కించాలి.

బండి విషయానికొస్తే కొన్నేళ్లుగా కష్టం బాగా తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గాలి పీడనాన్నీ, ఇంజిన్ వేడినీ చూసి పెట్రోలు ఎంత కావాలో అదే తేల్చుకుంటుంది. ఇంకా తిరుగుతున్న పాత కార్బురేటర్ బండ్లకు ఆ తెలివి లేదు. ఊటీలో గాలి పీడనం మెట్టుపాళయం కంటే సుమారు ఐదో వంతు తక్కువ. పెట్రోలు మాత్రం కింద అలవాటైనంతా వస్తుంది. బండి ఊపిరాడనట్టు ఈడుస్తుంది. పొద్దున స్టార్ట్ కావడానికి చోక్ లాగక తప్పదు, లాగింది మరిచిపోతే ప్లగ్గు నల్లబడి దారి మధ్యలో ఆగిపోతుంది. పాత బండివాళ్లు రెండు మూడు ఉత్త కిక్కులు కొట్టి, ఆయిల్ కదిలాక తాళం తిప్పుతారు. చల్లారిన ఆయిల్ చిక్కబడి పైదాకా ఎక్కడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి అది మంచి అలవాటే. డబ్బా మీద 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. డబ్ల్యూకు ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. కంపెనీ పుస్తకంలో రెండూ వాడొచ్చని ఉంటే కొండ మీద ఉండేవాళ్లు తక్కువ అంకె ఎంచుకోవడం మేలు.

టైర్ల విషయంలో ఒక చిత్రం ఉంది. మెట్టుపాళయంలో 20 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ గాలి కొట్టించిన టైరు ఊటీలో 4 డిగ్రీలకు చల్లారితే లోపలి గాలి కుంచించుకుని రెండు పీఎస్ఐకి పైగా తగ్గాలి. కానీ ఊటీలో బయటి వాతావరణం ఒత్తిడి కూడా మూడు పీఎస్ఐ దాకా తక్కువ. గాలి మీటరు చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే. చలి తగ్గించినదాన్ని ఎత్తు దాదాపు పూడ్చేస్తుంది, మీటరు కింద చూపించిన అంకెకు దగ్గరగానే నిలుస్తుంది. కింది నుంచి ఎక్కినవాళ్లు పైన మళ్లీ గాలి కొట్టించనక్కర్లేదు, తీయించనక్కర్లేదు. నష్టం పైనే ఉండేవాళ్లకు. మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి మర్నాడు తెల్లవారేసరికి ఒకటి రెండు పీఎస్ఐ తగ్గి ఉంటుంది.

కల్లారు దగ్గర టీ తాగుతూ పైనుంచి దిగినవాళ్లను “పైన ఎట్లుండాది అన్నా?” అని అడగడం కొత్తవాడికి కబుర్లలాగా అనిపించొచ్చు. నిజానికి అంతకంటే నమ్మదగ్గ సమాచారం దొరకదు. పొగమంచు బర్లియారు దగ్గర ఉందా, కాట్టేరి దాకా ఉందా, ఎక్కడ చెట్టు పడింది, ఎక్కడ ఏనుగులు దాటాయి అన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబులో వస్తాయి. కల్లారు, బర్లియారు మధ్య అడవి ఏనుగులు దాటే దారి. చీకటి పూటా, తెల్లవారుజామునా అవి రోడ్డు మీదికి వస్తాయి. పైన కూనూరు, కోత్తగిరి వైపు అడవిదున్నలు. నల్లటి ఒళ్లు, పొగమంచులో హెడ్‌లైట్ వెలుగుకు మెరవవు. టన్ను బరువుకు దగ్గరపడే జంతువు పది మీటర్ల దూరంలో హఠాత్తుగా తేలుతుంది. హారన్ కొట్టకుండా, లైటు దించి, ఆగి దారివ్వడం తప్ప ఇంకో మార్గం లేదు.

రోడ్డు కూడా వంపు వంపుకూ రంగు మారుస్తుంది. ఎండ తగిలే వైపు తొమ్మిదింటికే ఆరిపోతుంది. కొండ నీడ పడే వైపు, షోలా అనే కొండ అడవి గుబుర్ల కింద, ఊట నీరు రోడ్డు మీదికి కారే చోట్ల మధ్యాహ్నం దాకా తడి పోదు. పల్లపు గడ్డి మైదానాల పక్కన అలాంటి తడి గడ్డకడితే తారు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. ఇలా గడ్డకట్టే చోట్లు అరుదు, కానీ మారవు. రోజూ తిరిగేవాళ్లకు ఏ వంపులో ఉంటాయో కంఠతా వచ్చు. అంతకంటే ఎక్కువగా జార్చేవి యూకలిప్టస్ ఆకులు, నాచు, లారీల నుంచి కారిన డీజిల్, తెల్ల గీతల మీది తడి. ఇలాంటి చోట పడిపోయేవాళ్లలో ఎక్కువమంది వంపు మధ్యలో ముందు బ్రేకు నొక్కినవాళ్లే. వేగం వంపుకు ముందే తగ్గించుకుని, తిరిగేటప్పుడు బ్రేకూ, యాక్సిలరేటరూ రెండూ మెత్తగా ఉంచితే టైరుకు పట్టు మిగులుతుంది.

హెల్మెట్ అద్దం లోపల ఊపిరి ఆవిరి పేరుకోవడం అందరికీ వచ్చే చిక్కు. గడ్డం దగ్గరి గాలి కన్నం తెరవాలి. అద్దం లోపలి వైపు సబ్బు పల్చగా రాసి పొడిగుడ్డతో తుడిస్తే కొంతసేపు ఆగుతుంది. అద్దం పూర్తిగా ఎత్తేసి నడిపితే కళ్లలో నీళ్లు నిండి అసలుకే మోసం.

మదురై వైపు తెలుగువాళ్ల చలికొండలు కొడైకెనాల్, మూణారు. మదురై మైదానం నుంచి వత్తలగుండు మీదుగా కొడైకెనాల్ ఎక్కితే రెండు వేల మీటర్ల ఎత్తు, నీలగిరుల దారి కంటే కొంచెం ఎక్కువే. 1899లో మొదలైన సౌర పరిశోధన కేంద్రం ఉన్న గుట్ట కంటే సరస్సు చుట్టూ ఉన్న పల్లాలే జనవరిలో ముందు తెల్లబడతాయి. ఇక్కడా అదే సూత్రం. మోపెడ్ ఇక్కడి కొండల్లో ఎక్కువ కనిపిస్తుంది. 1911లో మదురైలో పుట్టిన టీవీఎస్ సంస్థ 1980లో తెచ్చిన టీవీఎస్ 50 వారసులు ఇప్పటికీ కూరగాయల గంపలు, పాల క్యాన్లు మోస్తూ ఘాట్ ఎక్కుతాయి. వాటి వేగం తక్కువ, కాబట్టి గాలి దెబ్బ కూడా తక్కువ. సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

బోడినాయకనూరు తెలుగు మాట్లాడే నాయకుల పాత పాళయం. ఇవాళ ఏలకుల వేలానికి పేరు. ఊరు దాటగానే పదిహేడు హెయిర్‌పిన్ వంపులతో రోడ్డు బోడిమెట్టుకు ఎక్కి, కేరళలోని ఏలకుల తోటల్లోకి, అక్కడి నుంచి మూణారుకు పోతుంది. తెల్లవారకముందే తోట కూలీలు జీపుల్లో కిక్కిరిసి ఈ దారి ఎక్కుతారు. మేస్త్రీలు, సూపర్‌వైజర్లు, చిన్న రైతులు బండ్ల మీద వెళ్తారు. 2019 జనవరిలో మూణారు చుట్టుపక్కల వరసగా చాలా రోజులు ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగి, తేయాకు తోటలు మాడిపోయాయి. పర్యాటకులు కెమెరాలతో ఎక్కిన ఆ రోజుల్లోనే ఈ జనం కూడా పనికోసం ఎక్కారు.

ప్రపంచంలో ఇంతకంటే పెద్ద చలిలో బండి నడిపేవాళ్లు లేకపోలేదు. జర్మనీలో 1956 నుంచి నడిచే ‘ఏనుగుల కలయిక’కు నడి చలికాలంలో వేలమంది మోటారు సైకిళ్ల మీద చేరి, మంచులో గుడారాలు వేసుకుని పడుకుంటారు. జపాన్ ఉత్తరాన హొక్కైడోలో ఉత్తరాలు పంచే చిన్న హోండా బండ్లు చలికాలంలో టైర్లకు గొలుసులు చుట్టుకుని తిరుగుతాయి. మన దగ్గర అల్లూరి జిల్లా లంబసింగికి విశాఖ, నర్సీపట్నం నుంచి కుర్రవాళ్లు తెల్లవారుజామున బండ్ల మీద ఎక్కుతారు, చాలామంది స్వెటర్ కూడా లేకుండా. జర్మనీవాడికీ జపాన్‌వాడికీ ఉన్న వసతి ఒకటుంది. చలి ఇంటి గుమ్మంలోనే మొదలవుతుంది కాబట్టి సిద్ధపడే బయల్దేరతారు. లంబసింగికి ఎక్కేవాడూ, ఊటీకి ఎక్కేవాడూ ఎండనేల మీద బయల్దేరి చలిలో తేలతారు. కల్లారులో ఆగి, చలి తగలకముందే పొరలన్నీ వేసుకోవడం ఒక్కటే దీనికి సరైన పద్ధతి. వణుకు మొదలయ్యాక వేసుకున్న జర్కిన్ పోయిన వేడిని తిరిగి తేలేదు, ఉన్నదాన్ని మాత్రమే కాపాడుతుంది.

దిగేటప్పుడు ఇంకో రకం జాగ్రత్త. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. ఇంజిన్ బండిని పట్టి ఉంచితే బ్రేకు వేడెక్కదు. గేర్లు లేని స్కూటర్లకు ఇక్కడే లోపం. వేగం తగ్గగానే వాటి క్లచ్ తనంతట తానే వదిలేస్తుంది, ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. వాటిని పట్టి ఉంచకుండా, నొక్కి వదిలి నొక్కి వదిలి, మధ్య మధ్య ఆగి చల్లార్చుకుంటూ దిగాలి. ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారివ్వడం చట్టం కూడా చెప్పే నియమమే.

ఇన్ని జాగ్రత్తలూ మనిషి మీదే వేయడం న్యాయం కాదు. చలి అన్నిటికంటే గట్టిగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందూ వెనకా. ఎండ పడిన గంట, గంటన్నరలో పల్లాల్లోని చల్లగాలి కదిలిపోతుంది, గడ్డి మీది మంచు నీరైపోతుంది, రోడ్డు కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి రెండు నెలల పాటు కొండ మీది కార్యాలయాలు, బళ్లు, తోటలు ఉదయం పనిని ఒక గంట ఆలస్యంగా మొదలుపెడితే, కింది నుంచి ఎక్కేవాళ్లు ఏనుగులు, పొగమంచు, తడి తారు ఉన్న చీకటి గంటను తప్పించుకుని వెలుగులో ఎక్కగలరు. షిఫ్టులున్న ఫ్యాక్టరీల్లో అది అంత సులువు కాదు. అక్కడ కనీసం గేటు దగ్గర కప్పున్న స్టాండు, చేతులు కాచుకోవడానికి వేడినీళ్లు ఉండాలి. మెట్టుపాళయం, వత్తలగుండు, బోడి చెక్‌పోస్టుల దగ్గర, పైన ఈ ఉదయం ఎన్ని డిగ్రీలుందో, పొగమంచు ఎక్కడిదాకా ఉందో రాసిన పలక ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. వేసవిలో పర్యాటకుల వాహనాలకు ఈ-పాస్ లెక్కలు చూసే యంత్రాంగం వీటిలో మొదటి రెండు దారుల్లో ఇప్పటికే ఉంది. 2024 మే 7 నుంచి హైకోర్టు ఆదేశంతో నీలగిరులకూ, కొడైకెనాల్‌కూ అది నడుస్తోంది. చలికాలంలో ఆ తనిఖీ చేసే చోటే ఉదయం ఐదింటికి ఈ రెండు ముక్కలూ పలక మీద రాసి పెట్టొచ్చు.